విల్లెమ్ బ్రూకర్ సంగీతం వేళాకోళమా?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నంతవరకు క్లుప్తంగా తిరిగి చెబుతాను. శాక్సఫోన్ మీద కర్ణాటక సంగీతం నేర్చుకుంటున్న మీకు స్నేహితుడొకరు విల్లెమ్ బ్రూకర్ కొలెక్టీఫ్ అనే డచ్ బృందం రికార్డింగు వినిపించారు. సైనిక కవాతు బాణీలా మొదలైన ఆ సంగీతం కాసేపటికి వాల్ట్జ్ అనే మూడు దెబ్బల నాట్యపు నడకలోకి జారింది, ఆ వెంటనే శాక్సఫోన్ గొంతు చించుకుని అరిచింది, ఆపైన ఏమీ జరగనట్టే మళ్లీ కవాతు నడక అందుకుంది. ఈయన జాజ్ వాద్యకారుడా, సమకాలీన స్వరకర్తా, లేక రెండింటినీ ఆటపట్టిస్తున్న మనిషా, వినాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు. ఎన్నో ఏళ్లుగా క్లారినెట్టూ శాక్సఫోనూ నేర్పుతున్నవాణ్ణి, బ్రూకర్ రికార్డులను వాటికి తోడుగా పెట్టుకుని బతికినవాణ్ణి కాబట్టి కాస్త విస్తారంగానే జవాబిస్తాను.

ముందు సూటి జవాబు చెప్పేస్తాను. ఆయన శాక్సఫోన్ వాద్యకారుడు, స్వరకర్త కూడా. వేళాకోళం మాత్రం చేయలేదు. నవ్వు పుట్టించారు, అది వేరే సంగతి. వీధిలో వినిపించే పాటకూ కచేరీ హాలులో వినిపించే రచనకూ పట్టే ఊపిరి ఒక్కటేనని ఆయన మనస్ఫూర్తిగా నమ్మారు. మీరు విన్న ఆ రికార్డింగులో కవాతును ఎంత శ్రద్ధగా వాయించారో కేకను కూడా అంతే శ్రద్ధగా వాయించారు. ఈ ఒక్క విషయం పట్టుకుంటే ఆయన చేసిన మిగతా పని అంతా ఒక వరుసలో అర్థమవుతుంది.

పేరు పలకడం గురించి ఒక మాట. డచ్ భాషలో ఆ పేరులోని అచ్చుకు మన లిపిలో అక్షరం లేదు. పెదవులు 'ఓ' అన్నట్టు గుండ్రంగా పెట్టుకుని, లోపల నాలుకతో 'ఏ' అంటే వచ్చే ధ్వని అది. 'బ్రూకర్' అనేది మన సౌకర్యానికి రాసుకున్న రూపం. క్లారినెట్ మీద పెదవి పట్టు నేర్పేటప్పుడు పిల్లలతో నేను చేయించే అభ్యాసం కూడా సరిగ్గా ఇదే కావడం నాకు ఎప్పుడూ ముచ్చటగా ఉంటుంది.

బ్రూకర్ 1944 నవంబరు 4న ఆమ్‌స్టర్‌డామ్‌లో పుట్టారు. యుద్ధం ఇంకా ముగియలేదు. ఆ చలికాలంలో నగరం తిండి లేక అల్లాడింది. ఆయన పెరిగినది యుద్ధం తర్వాత కోలుకుంటున్న, శ్రామికులు నిండిన ఆమ్‌స్టర్‌డామ్‌లో. చిన్నతనంలో క్లారినెట్ పట్టారు, తర్వాత శాక్సఫోన్ కుటుంబమంతటినీ, బాస్ క్లారినెట్‌నూ చేతికి తెచ్చుకున్నారు. సంగీత కళాశాల పట్టాతో తయారైన వాద్యకారుడు కాదు. చాలావరకు తనకు తానే నేర్చుకున్నారు. అయితే ఆయనకు ఒక గురువు ఉన్నారనుకుంటే, అది మనిషి కాదు, ఆ నగరపు వీధి ఆర్గన్ అంటాను.

ఈ వీధి ఆర్గన్‌ను కొంచెం దగ్గరగా చూడాలి, ఎందుకంటే బ్రూకర్ సంగీతానికి తాళంచెవి అందులోనే ఉంది. బండి మీద నిలబెట్టిన పెద్ద బీరువాలాంటి వాద్యం అది. ముందు భాగమంతా రంగులు పూసిన చెక్కడాలు, గంట కొట్టే బొమ్మలు, డోలు వాయించే బొమ్మలు ఉంటాయి. వెనుక ఒక పెద్ద చక్రం. ఆ చక్రం తిప్పితే తిత్తులలో గాలి నిండుతుంది. అదే సమయంలో మడతలు మడతలుగా ఉన్న మందపాటి అట్టల పుస్తకం ఒకవైపు నుంచి విప్పుకుంటూ మరోవైపుకు మడుచుకుంటూ కదులుతుంది. ఆ అట్టలలో కోసిన రంధ్రాలలోకి చిన్న లోహపు వేళ్లు లేచినప్పుడు ఆయా గొట్టాల మూతలు తెరుచుకుని స్వరం పలుకుతుంది. ముందర ఒక మనిషి ఇత్తడి డబ్బాలో నాణేలను పాట లయకు తగ్గట్టు గలగలలాడిస్తూ దారిన పోయేవారిని చందా అడుగుతాడు. ఈ వాద్యం బిగ్గరగానే పలుకుతుంది; ఒక స్వరాన్ని మెత్తగా, మరొకదాన్ని గట్టిగా ఊదే వీలు దానికి లేదు. ఒపెరా నాందీగీతం, కవాతు, వాల్ట్జ్, నిన్న వచ్చిన సినిమా పాట, అన్నీ అదే పెట్టెలోంచి, అదే గాలితో, అంతే బిగ్గరగా వస్తాయి. ఏది ఉన్నతమో ఏది చౌకబారుదో ఆ యంత్రానికి తెలియదు. అలాంటి శబ్దం వినిపించే వీధులలో పెరిగిన పిల్లవాడు పెద్దయ్యాక ఒకే రచనలో కవాతునూ వాల్ట్జ్‌నూ పక్కపక్కన కూర్చోబెట్టడంలో వింతేముంది? ఇది నా ఊహ మాత్రమే కాదు. 1969లో ఆయన మూడు వీధి ఆర్గన్‌ల కోసం 'లంచ్ కన్సర్ట్' అనే రచన చేసి రికార్డుగా విడుదల చేశారు.

ఇక జాజ్ వైపు వద్దాం. 1960ల నెదర్లాండ్స్‌లో యువ వాద్యకారులు అమెరికా నుంచి వచ్చే ప్రతి కొత్త ధ్వనినీ ఆత్రంగా వింటున్న కాలం అది. అమెరికా జాజ్ వాద్యకారుడు ఎరిక్ డాల్ఫీ 1964 జూన్ 2న డచ్ పట్టణం హిల్వర్సుమ్‌లో డచ్ వాద్యకారులతో కలిసి చేసిన రికార్డింగు ఇక్కడ ముఖ్యం. ఆ తర్వాత నెల తిరగకుండానే ఆయన బెర్లిన్‌లో మరణించారు. ఆ రోజు పియానో మీద మీషా మెంగెల్‌బర్గ్, డ్రమ్స్ మీద హాన్ బెన్నింక్ ఉన్నారు. బాస్ క్లారినెట్ ఒంటరిగా నిలబడి కథ చెప్పగల వాద్యమని లోకానికి చూపించినది డాల్ఫీయే. కొద్ది ఏళ్లలోనే బ్రూకర్ అదే మెంగెల్‌బర్గ్, బెన్నింక్‌లతో చేయి కలిపారు.

అంతకంటే ముందు 1966 ఉంది. ఆ జూన్ 13న ఆమ్‌స్టర్‌డామ్‌లో భవన నిర్మాణ కార్మికులు ఆందోళనకు దిగారు. కారణం చూడటానికి చిన్నది: యూనియన్‌లో లేని కార్మికులకు ఇచ్చే సెలవు భత్యంలో రెండు శాతం కోత. పోలీసులతో ఘర్షణ జరుగుతుండగా ఒక కార్మికుడు మరణించాడు. అతని మరణానికి తోటి కార్మికులు విసిరిన వస్తువే కారణమన్నట్టు ఒక పెద్ద దినపత్రిక రాసింది. నిజానికి అతను గుండె ఆగి చనిపోయాడని పరీక్షలో తేలింది. మరునాడు, అంటే జూన్ 14న, కోపోద్రిక్తులైన జనం ఆ పత్రిక కార్యాలయాన్ని చుట్టుముట్టారు, పత్రిక బండ్లు తగలబడ్డాయి. అప్పటికి బ్రూకర్ వయసు ఇరవై ఒకటి. ఆ ఏడాదే లోస్‌డ్రెఖ్ట్ జాజ్ పోటీలో ఒక పెద్ద బృందాన్ని వేదికెక్కించి '1966 జూన్ 14 కోసం ఒక ప్రార్థన' అనే అర్థం వచ్చే పేరుతో తన రచన వినిపించారు. పత్రికలో అచ్చయిన వార్తా వాక్యాలను ఒకరు చదువుతుంటే చుట్టూ వాద్యాలు అల్లుకునే రచన అది. జాజ్ పోటీకి వచ్చినవారు చక్కటి సోలోలు వినాలని ఎదురుచూస్తారు. వారి ముందు ఊరిలో మొన్న జరిగిన చావును నిలబెట్టారు ఆయన. జాజ్ అంటే సాయంత్రపు వినోదం అని కాక, ఊరి బాధ పలికే గొంతు అని ఆయన మొదటి అడుగులోనే నిర్ణయించుకున్నారు. స్వరకర్తగా ఆయన జీవితం ఇక్కడే మొదలైందని నా అభిప్రాయం.

1967లో మెంగెల్‌బర్గ్, బెన్నింక్, బ్రూకర్ ముగ్గురూ కలిసి 'ఇన్‌స్టంట్ కంపోజర్స్ పూల్' స్థాపించారు. పేరును గమనించండి: అప్పటికప్పుడు రచించేవారి కూటమి. స్వేచ్ఛగా వాయించడమంటే తోచినట్టు ఊదడం కాదని, కూర్చుని రాసే స్వరకర్తకు ఉండే బాధ్యతే వేదిక మీద క్షణంలో నిర్ణయించుకునే వాద్యకారుడికీ ఉంటుందని ఆ పేరు చెబుతుంది. మనోధర్మ సంగీతం తెలిసిన మీకు ఇది వివరించనక్కరలేదు. వారి మొదటి రికార్డు బ్రూకర్, బెన్నింక్ ఇద్దరే వాయించిన 'న్యూ అకూస్టిక్ స్వింగ్ డ్యువో'.

మరుసటి ఏడాది, 1968 మే నెలలో, జర్మనీలోని బ్రెమెన్ నగరంలో జర్మన్ శాక్సఫోన్ వాద్యకారుడు పీటర్ బ్రొట్స్‌మన్ ఎనిమిది మందితో 'మెషిన్ గన్' రికార్డు చేశారు. యూరప్ స్వేచ్ఛా జాజ్‌లో అంత భీకరమైన రికార్డు మరొకటి లేదని చెప్పేవారు నేటికీ ఉన్నారు. మూడు టెనర్ శాక్సఫోన్‌లు ఒకేసారి గర్జిస్తాయి: బ్రొట్స్‌మన్, ఇంగ్లండు వాద్యకారుడు ఇవాన్ పార్కర్, మూడోది బ్రూకర్. చాలామంది గమనించని సంగతి ఏమిటంటే, ఆ రికార్డులోని మూడు రచనలలో ఒకటి, 'మ్యూజిక్ ఫర్ హాన్ బెన్నింక్', బ్రూకర్‌దే. అంత హోరులోనూ ఆయన ఆలోచిస్తున్నది ఎవరు ఎక్కడ ఆగాలి, ఎవరికి ఎక్కడ చోటు ఇవ్వాలి అనే. ఊదేవాడూ రాసేవాడూ ఆయనలో వేరుపడిన రోజు లేదు.

ఆ కాలపు ఆమ్‌స్టర్‌డామ్‌లో సంగీత రాజకీయాలు వేడెక్కి ఉన్నాయి. 1969 నవంబరు 17న లూయీ ఆండ్రీసెన్, రైన్‌బెర్ట్ డ లేయు, పీటర్ స్ఖాట్, మెంగెల్‌బర్గ్ తదితర యువ స్వరకర్తలు కన్సర్ట్‌హెబావ్ హాలులో బెర్నార్డ్ హైటింక్ ఆర్కెస్ట్రా సారథిగా నడిపిస్తున్న కచేరీని చేతి గిలకలతో, చిటపటలాడే బొమ్మలతో ఆపివేశారు. దేశంలోకెల్లా పెద్ద ఆర్కెస్ట్రా బతికున్న స్వరకర్తల సంగీతాన్ని పట్టించుకోవడం లేదన్నది వారి ఫిర్యాదు. జాజ్ వాద్యకారులకైతే ఆ ఫిర్యాదు చేసుకోవడానికి కూడా తలుపు లేదు. ప్రభుత్వ సహాయం శాస్త్రీయ ఆర్కెస్ట్రాలకు వెళ్లేది, జాజ్ మద్యశాలల దయ మీద బతికేది. ఆ పరిస్థితిని మార్చడానికి మనోధర్మ వాద్యకారులు 1971లో తమ వృత్తి సంఘం పెట్టుకున్నారు; ఆ పోరాటంలో బ్రూకర్ ముందు వరుసలో ఉన్నారు. ఆ సంఘం పేరులోని మొదటి అక్షరాలతోనే 1974 అక్టోబరులో ఆమ్‌స్టర్‌డామ్‌లో 'బిమ్‌హయిస్' అనే కచేరీ వేదిక తెరుచుకుంది. 2005లో అది నీటి ఒడ్డున కట్టిన కొత్త సంగీత భవనంలోకి మారి ఈనాటికీ నడుస్తోంది. శాక్సఫోన్ వాయించేవాడికి జీతం, వేదిక, గౌరవం ఉండాలని కొట్లాడటం కూడా సంగీత రచనలో భాగమేనని ఆయన అనుకున్నారు. నేను ఆయన్ని అభిమానించడానికి ఉన్న కారణాలలో ఇది చిన్నది కాదు.

1972లో బ్రూకర్ ఆండ్రీసెన్‌తో కలిసి 'ఓర్కెస్ట్ డ ఫోల్‌హార్డింగ్' అనే వాద్య బృందాన్ని ఏర్పాటు చేశారు. 'పట్టుదల' అని ఆ పేరుకు అర్థం. మూడు శాక్సఫోన్‌లు, మూడు ట్రంపెట్‌లు, మూడు ట్రాంబోన్‌లు, ఒక పియానో, వయొలిన్‌లు లేవు. కారణం సులువే: వయొలిన్ మెత్తటి కుర్చీల హాలు వెతుక్కుంటుంది, ఇత్తడి వాద్యం వీధిలోనైనా సమావేశంలోనైనా నిలబడి పలుకుతుంది. ఆండ్రీసెన్ తర్వాతి కాలంలో ప్రపంచ ప్రసిద్ధి పొందిన స్వరకర్త అయ్యారు, 2021లో కన్నుమూశారు. ఆయన సంగీతంలో వినిపించే ఆ కరకుదనం, కంపనం లేని నిటారు ధ్వని జాజ్ వాద్యకారుల ఊపిరి నుంచి వచ్చింది. సమకాలీన సంగీత చరిత్ర రాసేవారు ఈ ఋణాన్ని ఒక వాక్యంలో దాటేస్తారు; అది అన్యాయమని నేను గట్టిగా అనుకుంటాను.

కొద్దికాలానికే బ్రూకర్ సొంత దారి పట్టారు. మెంగెల్‌బర్గ్‌తోనూ దారులు వేరయ్యాయి. ఒకరికి అప్పటికప్పుడు పుట్టే సంగీతం మీద, మరొకరికి ముందుగా రాసుకుని నాటకంలా నడిపించే సంగీతం మీద మక్కువ పెరుగుతూ వచ్చింది. 1974లో 'విల్లెమ్ బ్రూకర్ కొలెక్టీఫ్' పుట్టింది. ఆ ఏడాదే 'బీవీహాస్ట్' అనే సొంత రికార్డు సంస్థ కూడా మొదలైంది. దాని మొదటి రికార్డు పియానో వాద్యకారుడు లెయో కైపర్స్‌తో కలిసి షాఫీ నాటకశాలలో చేసిన కచేరీ. బీవీ అంటే డచ్‌లో ఒక రకం కంపెనీ, హాస్ట్ అంటే తొందర. ఆ పేరుకు తగ్గట్టే ఎవరూ అచ్చు వేయని డచ్ జాజ్‌నూ సమకాలీన రచనలనూ ఆ సంస్థ గబగబా లోకంలోకి తెచ్చింది.

కొలెక్టీఫ్‌లో సుమారు పదిమంది. ట్రంపెట్ మీద బోయ్ రాయ్‌మాకర్స్, ట్రాంబోన్, ట్యూబాల మీద బెర్నార్డ్ హున్నెకింక్, బాస్ మీద ఆర్యెన్ గోర్తెర్, డ్రమ్స్ మీద రాబ్ వెర్దూర్‌మన్. కైపర్స్ వెళ్లిపోయాక పియానో మీద హెంక్ డ యోంగ్. వీరిలో చాలామంది దశాబ్దాల తరబడి కలిసి ఉన్నారు. ఏటా మనుషులు మారిపోయే జాజ్ లోకంలో ఇది అరుదు. బ్రూకర్ రాసిన సంగీతం అందుకే అలా ఉంటుంది. 'ట్రంపెట్‌కు' అని కాక, ఫలానా మనిషి ఊపిరికి, ఫలానా మనిషి అల్లరికి, ఫలానా మనిషి ముసిముసి నవ్వుకు సరిపడేటట్టు కొలత తీసి కుట్టినట్టు ఉంటుంది. అమెరికా జాజ్ స్వరకర్త డ్యూక్ ఎల్లింగ్టన్ తన బృందానికి రాసేటప్పుడు స్వర పత్రాల మీద వాద్యం పేరు కాక వాద్యకారుడి పేరు రాసుకునేవారు. ఆ వంశవృక్షంలో బ్రూకర్‌ది యూరప్ కొమ్మ.

ఇప్పుడు మీరు విన్న ఆ మలుపుల సంగతి. కవాతు, వాల్ట్జ్, టాంగో ఒకదాని తర్వాత ఒకటి రావడం నాటకం నుంచి వచ్చింది. బ్రూకర్ ఆమ్‌స్టర్‌డామ్ నాటక బృందం 'బాల్' కోసం సంగీతం చేశారు. ఆ బృందం పేరే జర్మన్ నాటకకర్త బెర్టోల్ట్ బ్రెఖ్ట్ తొలి నాటకం పేరు. బ్రెఖ్ట్ రంగస్థలంలో పాట కథను ముందుకు తోయదు. కథను ఆపి, ప్రేక్షకుడి భుజం తట్టి, 'ఇటు చూడు' అంటుంది. జర్మన్ స్వరకర్త కుర్ట్ వైల్ 1928లో బెర్లిన్‌లో బ్రెఖ్ట్‌తో కలిసి చేసిన 'త్రీ పెన్నీ ఒపెరా'కు వేదిక ముందరి వాద్యకారుల గుంటలో కూర్చున్నది ఏడుగురు వాద్యకారులే, కానీ వారి మధ్య ఇరవైకి పైగా వాద్యాలు చేతులు మారాయి. శాక్సఫోన్ వాద్యకారుడు పక్కనున్న క్లారినెట్ అందుకుంటాడు, దాన్ని దించి మరో శాక్సఫోన్ ఎత్తుకుంటాడు. కొలెక్టీఫ్ పని తీరు సరిగ్గా ఇదే. బ్రూకర్ జీవితాంతం వైల్‌ను వాయించారు, ప్రచారం చేశారు. వేదిక మీద ఆయన మనుషులు నటించేవారు, పాడేవారు, ఈలలు వేసేవారు. మొదటిసారి చూసినవారికి సర్కస్ అనిపిస్తుంది. కానీ ఆ నవ్వు మధ్యలో కూడా ఒక్క స్వరం శ్రుతి తప్పదు, ఒక్క ప్రవేశం ఆలస్యం కాదు. వాద్యం చేతిలో ఉన్నవారికి అది ఎంత కష్టమో తెలుసు.

అమెరికా స్వరకర్త జార్జ్ గెర్ష్విన్ 'రాప్సడీ ఇన్ బ్లూ'ను కొలెక్టీఫ్ 1980ల మొదట్లో రికార్డు చేసింది. చాలామంది దీన్ని 'శాస్త్రీయ రచనను జాజ్‌గా మార్చడం' అన్నారు. విషయం తలకిందులుగా ఉంది. 1924లో న్యూయార్కులో ఆ రచన పాల్ వైట్‌మన్ జాజ్ బ్యాండు కోసమే పుట్టింది. మొదట్లో వచ్చే ఆ క్లారినెట్ జారు కూడా రాస్ గోర్మన్ అనే బ్యాండు వాద్యకారుడి ఆకతాయితనం నుంచి వచ్చినదే. తర్వాత పెద్ద ఆర్కెస్ట్రాలు దాన్ని కోటు తొడిగి తమ ఇంటికి తీసుకుపోయాయి. బ్రూకర్ దాన్ని పుట్టింటికి తీసుకొచ్చారు.

మీకు ప్రత్యేకంగా పనికొచ్చే మరో రికార్డు, మెక్సికో స్వరకర్త సిల్వెస్త్రె రెవుయెల్తాస్ 1938లో ఆర్కెస్ట్రాకు రాసిన 'సెన్సెమాయా'ను కొలెక్టీఫ్ వాయించినది. ఏడు అక్షరాల నడక అది, రెండు, రెండు, మూడుగా విరుగుతుంది. మిశ్రచాపును తిప్పి వేసినట్టు, విలోమచాపులా ఉంటుంది. తాళం వేస్తూ వినండి. మొదటి నిమిషంలోనే చెయ్యి కుదురుకుంటుంది.

సినిమా సంగీతం దగ్గర నేను ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే బ్రూకర్‌ను ఎక్కువగా నవ్వులకు గుర్తుపెట్టుకునేవారు ఈ పని వినలేదు. డాక్యుమెంటరీ దర్శకుడు యోహాన్ వాన్ డెర్ కూకెన్ చిత్రాలకు ఆయన 1960ల చివరి నుంచి సంగీతం ఇచ్చారు. 1978లో వచ్చిన 'డ ప్లాటె యుంగ్లె', అంటే 'చదునైన అడవి', నెదర్లాండ్స్ ఉత్తర తీరంలోని వాడెన్ సముద్రం గురించిన చిత్రం. అక్కడ రోజుకు రెండుసార్లు సముద్రం వెనక్కి వెళ్లి మైళ్లకొద్దీ బురద బయటపడుతుంది. ఆ బురదలో చేపల ఎరకోసం వానపాముల్లాంటి పురుగులు తవ్వుకుని బతికే మనుషులు ఉంటారు. అలాంటి దృశ్యాలకు సాధారణంగా ఎవరైనా విషాదంగా వయొలిన్‌లు కప్పుతారు. బ్రూకర్ అలా చేయలేదు. ఆయన సంగీతం ఆ మనుషులను చూసి జాలిపడదు. వారి పనికి ఒక నడక ఉంటుందని గుర్తించి, ఆ నడకతో పాటు నడుస్తుంది. దర్శకుడు దృశ్యాన్ని అకస్మాత్తుగా కత్తిరించినట్టే సంగీతమూ మధ్యలో తెగి మరోచోట లేస్తుంది. కొలెక్టీఫ్ రచనల్లోని ఆ ఆకస్మిక మలుపులు సినిమా ఎడిటింగ్ బల్ల మీద కూడా పదునెక్కాయని నా నమ్మకం. యోస్ స్టెల్లింగ్ 1983లో తీసిన 'డ ఇల్యూషనిస్ట్' మరో సంగతి. ఆ చిత్రంలో సంభాషణలు లేవు, మాటలు చేయవలసిన పని చాలావరకు బ్రూకర్ సంగీతమే చేస్తుంది.

వాద్యకారుడిగా ఆయన ధ్వని గురించి మీరు అడగలేదు కానీ, శాక్సఫోన్ పట్టిన మీకు చెప్పకుండా ఉండలేను. ఆ కేక ఎలా వస్తుందంటే, టెనర్ మీద గాలి ఒత్తిడి పెంచి, గొంతు ఆకారం మార్చి, వేళ్లు అక్కడే ఉంచి స్వరాన్ని దాని పై సహజ స్వరాలలోకి ఎగదోస్తారు. దానికి తోడు ఊదుతూనే గొంతులో కూనిరాగం తీస్తే ధ్వని బొంగురుపోయి చీలుతుంది. రీడు (వాద్యం మూతిలో కంపించే పలుచటి బద్ద) మీద నాలుకను చప్పున అతికించి లాగితే 'టప్' మని మద్దెల దెబ్బలాంటి శబ్దం వస్తుంది, అది ఆయన బాస్ క్లారినెట్ మీద తరచూ వినిపిస్తుంది. ఇవేవీ ఆయన కనిపెట్టినవి కావు. ఆయన గొప్పతనం వాటిని ఎక్కడ ఆపాలో తెలియడంలో ఉంది. కేక తర్వాత వచ్చే వాల్ట్జ్‌లో మొదటి స్వరం ఎంత శుభ్రంగా, ఎంత గుండ్రంగా పలుకుతుందో మళ్లీ వినండి. అంత అరిచిన పెదవితో అంత నిలకడ తెచ్చుకోవడానికి ఏళ్ల సాధన పడుతుంది.

ఇక్కడ మనకు సంబంధించిన ఒక మాట. 1846లో అడాల్ఫ్ సాక్స్ పేటెంట్ తీసుకున్న ఈ వాద్యం మొదట స్థిరపడింది సైనిక బ్యాండులలో. మన దేశానికీ బ్యాండుతోనే వచ్చింది; కద్రి గోపాలనాథ్ గారు మైసూరు ప్యాలెస్ బ్యాండులో దాన్ని విని మనసు పడి, దాని మీద త్యాగరాజ కీర్తనలు పలికించారు. గోపాలనాథ్ గారు బ్యాండు వాద్యాన్ని సభకు తీసుకొచ్చారు. బ్రూకర్ సభలో ఉన్న సంగీతాన్ని బ్యాండు దగ్గరకు తీసుకుపోయారు. ఇద్దరి దారులూ ఎదురెదురు, వాద్యం మీద గౌరవం మాత్రం ఇద్దరిదీ ఒకటే. అందుకే మీరు బ్రూకర్ దగ్గరకు పరాయివారిగా వెళ్లనక్కరలేదు.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. తర్వాతి దశాబ్దాల రికార్డులలో కొన్ని మలుపులు ముందే తెలిసిపోతాయి. ఫలానా చోట టాంగో వస్తుందని చెవి పసిగట్టేస్తుంది. రచన బిగువు పెరిగేకొద్దీ సోలోలకు ఊపిరి తక్కువైందని కూడా నాకు అనిపిస్తుంది. 1970లలో ఉన్న ప్రమాదపు రుచి 1990లలో అంతగా లేదు. అయినా ఆయన ఊరుకోలేదు. ఏటా డిసెంబరు చివర ఆమ్‌స్టర్‌డామ్‌లో 'క్లాప్ ఒప్ ద వూర్‌పైల్' అనే ఉత్సవం నడిపి కొత్త రచనలకు చోటిచ్చారు. జర్మన్ దర్శకుడు ముర్నావ్ తీసిన మూకీ చిత్రం 'ఫౌస్ట్'కు బృందమంతటికీ సంగీతం రాశారు.

2010 జూలై 23న ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో ఆమ్‌స్టర్‌డామ్‌లోనే ఆయన మరణించారు. వయసు అరవై అయిదు. జీవితమంతా ఊపిరితో పని చేసిన మనిషికి అలా జరగడం తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. ఆయన లేకుండా కొలెక్టీఫ్ కొంతకాలం వాయించి, 2012లో వీడ్కోలు కచేరీలతో ముగిసింది.

ఎక్కడ మొదలుపెట్టాలన్న మీ ప్రశ్నకు వస్తే, 'మెషిన్ గన్'తో మాత్రం వద్దు. అది చివరి మజిలీ. ముందు కొలెక్టీఫ్ 1975లో బెర్లిన్‌లోనూ డొనావ్‌ఎషింగెన్ ఉత్సవంలోనూ చేసిన ప్రత్యక్ష రికార్డింగులు వినండి; బృందం కొత్తది, ఆకలి మీద ఉంది, జనం స్పందన కూడా వినిపిస్తుంది. ఆ తర్వాత వాన్ డెర్ కూకెన్ చిత్రాల సంగీత సంకలనం, ఆపైన వైల్ రచనల రికార్డు. అప్పుడు 1968కి వెళితే ఆ గర్జనలో రాసిన చేయి మీకు కనిపిస్తుంది.

వింటూనే ఒక అభ్యాసం కూడా చేయండి, నా దగ్గర నేర్చుకునేవారితో నేను చేయించేదే. మీకు బాగా వచ్చిన ఒక కీర్తన పల్లవి తీసుకోండి. దాన్ని నాలుగు ఆవర్తనాలు వీధి ఆర్గన్‌లా వాయించండి: గట్టి, మెత్తన తేడా లేకుండా, గమకం లేకుండా, ప్రతి స్వరమూ అట్టలో కోసిన రంధ్రంలా కచ్చితంగా మొదలై కచ్చితంగా ఆగేటట్టు. మొదటి రోజు అది చప్పగా ఉంటుంది. మూడు నాలుగు రోజులకు, స్వరం ఎంతసేపు నిలిచింది, రెండు స్వరాల మధ్య ఎంత ఖాళీ వదిలారు అన్న వాటితోనే పాట ఎంత పలుకుతుందో చెవికి తెలియడం మొదలవుతుంది. అయిదో ఆవర్తనంలో మీ గమకాలు మీరు తిరిగి తెచ్చుకోండి, ఆ వెంటనే మీ స్నేహితుడు వినిపించిన రికార్డింగు పెట్టి, కవాతు వాల్ట్జ్‌గా మారే చోట బ్రూకర్ స్వరాన్ని ఎక్కడ తుంచారో వినండి.